తాటిపూడి పక్షుల యాత్ర: అడవికి 90, జలాశయానికి 40

విజయనగరం నుంచి తాటిపూడి జలాశయానికీ, ఆ పక్కనున్న కొండల పాదాన అడవికీ ఒక రోజు పక్షుల వీక్షణ యాత్ర నడుపుతున్న ముగ్గురు యువకుల బృందంతో జనవరి మొదటి ఆదివారం నాడు నేనూ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలూ వెళ్ళి వచ్చాం. పెద్దలకు రూ. 1,800, పిల్లలకు రూ. 1,000 తీసుకున్నారు. రానుపోను వాహనం, ఉదయం ఫలహారం, మధ్యాహ్న భోజనం, బైనాక్యులర్ల అద్దె అన్నీ అందులోనే కలిసి ఉన్నాయి. ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కల మాస్టారుగా జవాబు పత్రాలు దిద్దిన అలవాటు కొద్దీ ముందు మార్కులే చెబుతాను. అడవిలో గడిపిన పూటకు నూటికి తొంభై, జలాశయం దగ్గర గడిపిన పూటకు నలభై. మనుషులు వారే, వాహనం అదే, రోజూ అదే అయినప్పుడు మార్కుల్లో ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయం.

నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోలుతో పాటు లోపాలు కూడా చెప్పవలసి ఉంది. అవి తలచుకుంటే వచ్చే నెలకే సరిదిద్దుకోగలిగినవి. ముగ్గురూ ఇంకా నిలదొక్కుకుంటున్న కుర్రవాళ్ళు. అంతేకాక, ఇటువంటి యాత్ర ఎవరు నడిపినా డబ్బు కట్టే ముందు ఏయే ప్రశ్నలు అడగాలో తెలియడమే చదివేవారికి ఎక్కువ పనికివస్తుందని నా ఉద్దేశం.

తెల్లవారుజామున అయిదింటికి మూడు లాంతర్ల కూడలి దగ్గరకు రావాలనీ, తెల్ల చొక్కాలు, ఎర్ర శాలువాలు కాకుండా మట్టి రంగు, ఆకు రంగు దుస్తులు వేసుకోవాలనీ, కదిలితే గరగరలాడే ప్లాస్టిక్ కోట్లు మానాలనీ ముందు రోజు సాయంత్రమే ఫోను చేసి చెప్పారు. ఈ జాగ్రత్త నాకు నచ్చింది. వచ్చినవారు ఎనిమిది మంది. ఒకాయన ఆలస్యంగా రావడం వల్ల బయలుదేరడం ఇరవై నిమిషాలు వెనకబడింది కానీ, ఆ వేళ గంట్యాడ దారిలో పాల క్యాన్లు కట్టుకున్న మోటారు సైకిళ్ళు తప్ప వేరే రద్దీ ఏమీ లేదు కనుక, ధనుర్మాసపు మంచు అద్దాల మీద నీరై కారుతుండగా, వెలుగు రాకముందే కొండ పాదానికి చేరుకున్నాం.

బైనాక్యులర్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మొదటిసారి వెళ్ళేవారికి ఈ రోజంతటి సుఖదుఃఖాలూ దాని మీదే ఆధారపడి ఉంటాయి. బృందం దగ్గర మొత్తం ఆరు ఉన్నాయి. నాలుగు 8x42 రకం, రెండు 10x50 రకం. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది, రెండవది ముందరి కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. రెండవ దానిని మొదటి దానితో భాగిస్తే కంటికి చేరే వెలుగు కట్ట వెడల్పు వస్తుంది. 42ను 8తో భాగిస్తే 5.25, 50ని 10తో భాగిస్తే 5. అంటే మసక వెలుతురులో రెండూ దాదాపు ఒకటే. పది రెట్లు కదా ఎక్కువ కనిపిస్తుందని మాలో ఇద్దరు పెద్దమనుషులు 10x50 కోసం పోటీపడి తీసుకున్నారు. పిట్టతో పాటు చేతి వణుకు కూడా పది రెట్లవుతుందని, కనిపించే మేర కుంచించుకుపోవడం వల్ల ఆకుల మధ్య గంతులు వేసే చిన్న పిట్టను అందులో పట్టుకోవడమే గగనమని, కిలోకు దగ్గరగా ఉన్న ఆ బరువు గంటసేపటికి మెడను లాగుతుందని వారికి ఎనిమిది గంటల వేళకు తెలిసింది. అడవికి 8x42 సరిపోతుంది, నిజానికి అదే మేలు.

కళ్ళద్దాలు ఉన్నవారు కంటి దగ్గరి రబ్బరు అంచులను వెనక్కి మడుచుకోవాలనీ, కుడి కంటి దగ్గరున్న చిన్న చక్రాన్ని ఎవరి చూపుకు తగినట్టు వారు ఒక్కసారి సరిచేసుకుంటే తరువాత మధ్య చక్రం ఒక్కటి తిప్పుకుంటే చాలుననీ పెద్ద గైడు పది నిమిషాలు ఓపికగా నేర్పాడు. దూరాన మసకగా కనిపిస్తున్న నీళ్ళ ట్యాంకు మీద అక్షరాలు అందరూ చదివేదాకా కదలనివ్వలేదు. పాఠం చెప్పడం అంటే అదీ. అయితే మా మేనకోడలికి ఇచ్చిన బైనాక్యులర్ రెండు గొట్టాలూ ఒకే దిక్కుకు చూడటం లేదు. ఎప్పుడో కింద పడి ఉంటుంది. “మావయ్యా, నాకు రెండు కొమ్మలు కనబడుతున్నాయి, తల నొప్పిగా ఉంది” అని అది అంటే, అలవాటు లేక అలా ఉందిలే అని నేను కసిరాను. గంట తరువాత నేను తీసుకుని చూసినప్పుడు తప్పు దానిది కాదని తెలిసింది. అద్దెకిచ్చే వస్తువును ముందు రాత్రి ఒక్కసారి పరీక్షించి ఉంటే ఆ పిల్లకు ఆ గంట పోయేది కాదు.

ఇక అడవి. జీడిమామిడి తోటలు దాటాక కాలిబాట మద్ది, టేకు, మోదుగ చెట్ల నడుమకు వెళుతుంది. వాగు పక్కన వెదురు పొదలు. అక్కడికి చేరగానే అందరం గబగబా నడవడం మొదలుపెట్టాం, ఏదో గుడి తలుపులు మూసేస్తారన్నట్టు. పెద్ద గైడు చెయ్యెత్తి ఆపాడు. పావుగంట ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు, బైనాక్యులర్ కూడా ఎత్తకూడదు, వినడమే పని అన్నాడు. మొదటి అయిదు నిమిషాలు నాకు మా బళ్ళో మౌన ప్రార్థనలా విసుగ్గానే అనిపించింది. తరువాత ఒక్కొక్క చప్పుడే విడివడింది. ఎక్కడో అడవికోడి కూసింది. ఎండిన కొమ్మ మీద వడ్రంగిపిట్ట ముక్కుతో వాయించే దరువు ఒక వైపు నుంచి, రాలిన టేకు ఆకుల కింద ఏదో కెలుకుతున్న అలికిడి మరొక వైపు నుంచి వచ్చాయి. ఇవన్నీ మేము రాకముందు నుంచీ ఉన్నవే. మా అడుగుల చప్పుడులో వినబడలేదు, అంతే. ఈ పావుగంటకే నేను రూ. 1,800లో సగం రాసిస్తాను.

ఎండ కొమ్మల మీదికి దిగిన తరువాత, దాదాపు ఏడున్నరకు, ఆ రోజుకు అసలైన సంగతి జరిగింది. చలికాలపు అడవిలో చాలాసేపు ఒక్క పిట్టా కనబడదు, తరువాత ఒక్కసారిగా పది రకాలు కనబడతాయి. గూళ్ళు పెట్టే కాలం కాదు కనుక ఎవరి హద్దులు వారికి కాపలా కాసుకునే అవసరం తగ్గి, పురుగులు ఏరుకుతినే చిన్న పిట్టలు వేర్వేరు జాతులవే అయినా కలగలిసి గుంపుగా తిరుగుతాయి. ఎక్కువ కళ్ళుంటే డేగ రాకను ముందే పసిగట్టవచ్చు. ఒకటి కదిపిన పురుగు మరొకదానికి దొరుకుతుంది. ఈ గుంపుకు కాపలాదారు తోక ఈకలు రెండింటి చివర బిళ్ళలు వేలాడే పెద్ద పసులపోలిగాడు. మిగిలిన పిట్టల కూతలను, ప్రమాదం వచ్చినప్పుడు వేసే కేకలతో సహా, అచ్చుగుద్దినట్టు అనుకరించగల గడుసుపిట్ట అది. దాని వెనుక మానును తలకిందులుగా దిగుతున్న నీలి పిట్టలు, ఎర్రని నిప్పు కణికల్లా పైకొమ్మల్లో ఎగిరే మినివెట్లు, గాలిలోకి లేచి ఈగను పట్టి మళ్ళీ అదే కొమ్మకు చేరే, మైలుతుత్తం రంగున్న వెర్డిటర్ ఈగపిట్ట ఒకటి, అన్నీ మా నెత్తి మీదుగా ఇరవై నిమిషాల పాటు సాగిపోయాయి. ఆ ఈగపిట్ట హిమాలయాల్లో పిల్లలను లేపి చలికాలానికి ఇటు దిగివచ్చిన అతిథి.

గుంపులో అన్నిటికంటే అనాకారి పిట్టను చూపించి గైడు ఎక్కువ సేపు మాట్లాడాడు. గ్రీనిష్ వార్బ్లర్ అని పేరు. ఆకు రంగు, కంటి పైన పాలిపోయిన గీత, రెక్క మీద సన్నని చార, అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. పది గ్రాముల బరువు కూడా ఉండని ఆ పిట్ట హిమాలయాలనూ, ఆ పై మధ్య ఆసియానూ విడిచి మన చింతచెట్లకూ మామిడి తోటలకూ వస్తుందనీ, రెండక్షరాల కూత ఒక్కటి గుర్తుపెట్టుకుంటే రేపటి నుంచి మీ పెరట్లో కూడా వినబడుతుందనీ అన్నాడు. మరునాడు ఉదయం మా వీధి చివరి వేపచెట్టులో నిజంగానే వినబడింది. డబ్బు తీసుకుని చూపించినది కాక, ఇంటికి తెచ్చుకోగలిగినది కూడా ఇవ్వడం ఏ సేవలోనైనా అరుదే.

పది మార్కులు ఎందుకు తగ్గించానో చెప్పాలి. గుంపు దాటిపోయిన తరువాత ఫొటోలు సరిగా రాలేదని ఒకరిద్దరు నిరాశపడితే, చిన్న గైడు జేబులోంచి ఫోను, చిన్న స్పీకరు తీసి చిన్న గుడ్లగూబ అరుపు వినిపించడం మొదలుపెట్టాడు. గుడ్లగూబ ఉందనుకుని చిన్న పిట్టలన్నీ దానిని తరమడానికి మూగుతాయి. పది నిమిషాలు అవి అరుచుకుంటూ బయటి కొమ్మల మీద గంతులు వేశాయి, కెమెరాలు టపటపలాడాయి. చలి రాత్రంతా ఆకలితో గడిపిన పిట్టకు తిండి వేళ అది. లేని శత్రువు మీద ఆ వేళను, ఒంట్లో బలాన్ని ఖర్చుపెట్టించడమే కాక, నిజమైన డేగ కంట పడేలా ఆరుబయటకు రప్పించడం కూడా అవుతుంది. “ఇది మోసం కాదా నాయనా?” అని నేను అడిగితే అతను నవ్వేశాడు, పెద్ద గైడు మాత్రం మారుమాట లేకుండా స్పీకరు తీసి సంచిలో వేసి, “మీరన్నది నిజమే మాస్టారూ, ఫొటోలు రాకపోతే వచ్చినవాళ్ళు అసంతృప్తిగా వెళ్ళిపోతారని భయం” అన్నాడు. ఆ భయం నాకు అర్థమైంది. దాని బదులు ఆ గుంపు వెనుక ఇంకో అరగంట నడిపించవచ్చును.

మెచ్చుకోవలసిన మరొక అంశం పేర్లు. అందరికీ ఒక అట్టముక్క ఇచ్చారు. దాని మీద ముప్పై పక్షుల బొమ్మలు, కింద తెలుగు పేర్లు. లకుముకిపిట్ట, పాలపిట్ట, బొల్లికోడి, మునుగుడుకోడి, పసులపోలిగాడు వంటివి. పసుల వీపు మీద స్వారీ చేసేది కనుక పసులపోలిగాడు, నుదుట తెల్లని బొల్లి ఉన్నది కనుక బొల్లికోడి. చూసి పెట్టిన పేర్లు ఇవి, అనువాదం చేసినవి కావు. పంతొమ్మిదో శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ అక్కడివారిని అడిగి ఇటువంటి పేర్లు ఎన్నో రాసిపెట్టుకోవడం వల్లనే కొన్నయినా మనకు మిగిలాయి. పసుపుపచ్చని మామిడిపిట్టకు ‘వంగపండు’ అన్న పేరు చూసి అందరం ముచ్చటపడ్డాం. ముగ్గిన వంకాయ రంగు చూసినవారికి ఆ పేరు వివరించనక్కరలేదు. మన ఉత్తరాంధ్రలో ఒక పెద్ద ప్రజాకవి ఇంటిపేరు కూడా అదేనని చెబితే మా మేనకోడలు అట్ట వెనుక రాసుకుంది.

తిరిగి వస్తుంటే కట్టెల మోపుతో ఎదురైన ఒక తాత ఆగి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. “ఏటి బాబూ, పిట్టల్ని సూడ్డానికి డబ్బులిచ్చి వచ్చినారా? మా గుంటలకి సెప్తే కట్టెలకెల్లినప్పుడు సూపించీద్దురు కదా!” అన్నాడు. అందరం నవ్వాం. నవ్వు ఆగాక ఆయన జలాశయం వైపు చెయ్యి చూపించి, “ఇప్పుడు నీల్లు నిండుగున్నాయి, బురద లేదు. మాగమాసం రానీండి, గట్టు ఎండి బురద తేల్తాది, అప్పుడు సూడండి కొంగలు” అన్నాడు. ఈ ముక్క మా గైడులు ముగ్గురిలో ఎవరూ చెప్పలేదు. నీరు దిగి ఒండ్రు బయటపడితేనే పొడుగు కాళ్ళ పక్షులకు మేత దొరుకుతుంది. నిండు జలాశయంలో వాటికి నిలబడే చోటే ఉండదు. యాత్ర నడిపేవారు ఇటువంటి తాతకు రోజుకు కొంత ఇచ్చి వెంట తిప్పుకుంటే ఆ డబ్బు వృథా పోదు.

ఫలహారం అడ్డాకుల విస్తళ్ళలో వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి, తరువాత చోడి అంబలి. చలిలో మూడు గంటలు నిలబడిన తరువాత ఆ అంబలి ఎంత హాయిగా దిగిందో చెప్పలేను. నీళ్ళకు ప్లాస్టిక్ సీసాలు కాకుండా పెద్ద డబ్బా, గ్లాసులు తెచ్చారు. తిన్న ఆకులు మూటగట్టి వెనక్కి తీసుకెళ్ళారు. మధ్యాహ్న భోజనం శృంగవరపుకోటలో ఒక మామూలు హోటల్లో. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. దారిలో ఒకరు భీమాలి మామిడి తాండ్ర కొని అందరికీ పంచారు, అది మాత్రం చెప్పుకోదగ్గదే, కానీ అది నిర్వాహకుల ఖాతాలోకి రాదు.

తొమ్మిదిన్నరకు అడవి నుంచి బయటపడ్డాం. మధ్యాహ్నం రెండున్నర వరకు జలాశయం దగ్గరకు తీసుకెళ్ళలేదు. నడుమ అయిదు గంటలు ఫలహారం, వాహనం, భోజనం, చెట్టు కింద నడుం వాల్చడం. అక్కడే లెక్క తప్పింది. ఆ అయిదు గంటల్లో పనికివచ్చిన భాగం చెట్టు కింద జరిగిన వలసల ముచ్చట ఒక్కటే, అదీ ఒక పొరపాటు వల్ల మొదలైంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం గురించి ఎవరో అడిగితే, చిన్న గైడు అక్కడికి వచ్చే పక్షులన్నీ సైబీరియా నుంచి వస్తాయని అన్నాడు. మన ప్రాంతంలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. నేనే బళ్ళో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. పెద్ద గైడు దానిని నెమ్మదిగా విప్పి చెప్పాడు. తేలినీలాపురం చింతచెట్ల మీద దిగేవి ప్రధానంగా గూడబాతులు, అంటే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు. అవి అక్కడ గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలను లేపుతాయి. వలస పక్షి లక్షణం దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఉత్తరాన వేసవిలో పిల్లలను లేపి, అక్కడ చలి ముదిరి తిండి కరువయ్యాక కడుపు నింపుకోవడానికి మాత్రమే దక్షిణానికి వస్తుంది. ఇక్కడ గూడు కట్టదు. గూడు కట్టినది పరాయి పక్షి ఎలా అవుతుంది? అక్కడి గూడబాతు మన దేశంలో, శ్రీలంకలో, అటు కంబోడియా వైపు బతికే పక్షి. సైబీరియా ముఖం చూసి ఎరుగదు. మేత దొరికే చెరువులూ, నౌపడా వైపు ఉప్పు మడులూ అందుబాటులో ఉన్న ఊరిని చూసుకుని, పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా వచ్చి వెళుతుంది. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వానాకాలం మొదట్లో వచ్చే, పొలాల్లో నత్తలు ఏరుకుతినే చిల్లుముక్కు కొంగల సంగతీ అంతే. నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి చూడాలంటే సూదిమొన తోకలున్న పింటెయిల్ బాతుల వంటివాటి కోసం వెతకాలి.

ముప్పై ఏళ్ళుగా తప్పు చెప్పిన మాస్టారుగా నేను తల వంచుకుని విన్నాను. సహచరుడు పదిమందిలో తప్పు మాట్లాడితే, అతని పరువు తీయకుండా సరిదిద్దిన తీరు కూడా గమనించాను.

ఇక జలాశయం. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే గోస్థని నదికి అడ్డంగా 1960లలో కట్టిన ఆనకట్ట ఇది. విశాఖపట్నానికి తాగునీరు ఇక్కడి నుంచి కూడా వెళుతుంది. మూడు వైపుల కొండలు, నిండు నీరు. కంటికి ఇంపుగా ఉంటుందనడంలో సందేహం లేదు, కానీ మేము చూడటానికి వెళ్ళినది కొండలను కాదు. ఈ ప్రాంతంలో కొండలు పడమటి వైపున ఉంటాయి కనుక మధ్యాహ్నం తరువాత గట్టు మీద నిలబడినవాడి కళ్ళలోకే సూర్యుడు దిగుతాడు. నీటి మీద వెండి రేకు పరిచినట్టు మెరుపు. దాని మీద నల్లని చుక్కల్లా పక్షులు. అది బాతో, బొల్లికోడో, నీటికాకో ఆకారాన్ని బట్టి ఊహించుకోవలసిందే. రంగు చూసి గుర్తుపట్టడం నేర్పిన గైడు ఇక్కడ చేతులెత్తేశాడు. ఉదయం ఎనిమిదికి ఇదే గట్టు మీద ఉంటే సూర్యుడు మా వీపు వెనుక ఉండి, ప్రతి ఈకా విడిగా చూపించి ఉండేవాడు.

రెండవ పొరపాటు క్యాలెండరుది. జనవరి మొదటి ఆదివారం అంటే కొత్త సంవత్సరపు వనభోజనాలు ఇంకా అయిపోని రోజు. మేము వెళ్ళేసరికి గట్టు పొడవునా వ్యాన్లు, పొయ్యిలు, బిర్యానీ డేగిసాలు; ఒక గుంపు తెచ్చిన పెద్ద స్పీకరు చప్పుడుకు ఛాతీ అదిరింది. వారి తప్పేమీ లేదు, వారికి అది ఏడాదికొక్క సరదా. అయితే ఆ చప్పుడుకు ఒడ్డు దగ్గర ఉండవలసిన పక్షులన్నీ నడి నీటికి తరలిపోయాయి. ఈ జిల్లాలో పుట్టి పెరిగిన నిర్వాహకులకు ఆ ఆదివారం ఎలా ఉంటుందో తెలియకపోవడం నమ్మశక్యం కాదు. ముక్కాలి పీట మీద బిగించే స్పాటింగ్ స్కోపు ఒకటి తెచ్చారు కానీ, ఎనిమిది మందికి ఒక్కటి కావడంతో మన వంతు వచ్చేసరికి పక్షి మునిగిపోయేది. మునుగుడుకోడి విషయంలో నాకు నాలుగుసార్లు అలాగే జరిగింది. దాని పేరు ఎంత సార్థకమో అప్పుడు తెలిసింది.

సున్నా వేయకుండా నలభై వేయడానికి కారణం సాయంత్రం నాలుగున్నరకు వచ్చిన కొరమీను గద్ద. గట్టుకు దూరంగా, స్పీకరు చప్పుడు అంతగా వినబడని ఒక మూలకు పెద్ద గైడు మమ్మల్ని నడిపించి, ఎండిన ఒక చెట్టు మొదలు చూపించి, ఇక్కడ ఆగుదామన్నాడు. పావుగంటకు పొట్ట తెల్లగా, కంటి మీదుగా నల్లని పట్టీతో ఆ గద్ద వచ్చి నీటిపైన గాలిలో రెక్కలాడిస్తూ ఒకే చోట నిలబడింది. ఒకసారి దిగబోయి మానుకుంది. రెండవసారి కాళ్ళు ముందుకు చాచి రాయి పడ్డట్టు పడింది, నీరు లేచింది, కాసేపు రెక్కలు మాత్రమే కనిపించాయి. లేచినప్పుడు కాళ్ళలో చేప ఉంది. గాలికి అడ్డు రాకుండా చేప తల ముందుకు వచ్చేలా తిప్పి పట్టుకుని కొండ వైపు వెళ్ళిపోయింది. బయటి వేలిని వెనక్కి తిప్పుకుని, ముందు రెండు, వెనుక రెండు వేళ్ళతో జారే చేపను బిగించి పట్టగలదని గైడు చెబుతుంటే వినే ఓపిక మా మేనకోడలికి లేదు. అది అప్పటికే ఎగిరి గంతేసి నా చెప్పు తొక్కింది. అడవిలోలాగే ఇక్కడా జరిగినది ఒక్కటే. వెళ్ళి చూడటం మాని, ఒకచోట నిలబడి రానిచ్చారు. ఆ పని ఉదయం నుంచే ఇక్కడ చేసి ఉంటే?

రెండు రోజుల తరువాత వాట్సాప్‌లో ఆ రోజు చూసిన పక్షుల జాబితా వచ్చింది. మొత్తం 47 జాతులు, సమయాలతో, స్థలాలతో. ఇది మంచి పద్ధతే. ప్రపంచమంతటా పక్షులను లెక్కించేవారు తమ పరిశీలనలను నమోదు చేసే ఈబర్డ్‌లో కూడా దీనిని ఎక్కించారు. అయితే నా పుస్తకంలో ఉన్నవి 39. అందరం కూర్చుని పోల్చుకుంటే ఆరింటిని ఒక్కొక్కరు విడిగా చూసినట్టు తేలింది, రెండింటిని మాత్రం ఎవరమూ చూడలేదు. అడిగితే కూత విన్నామన్నారు. విన్నదానిని లెక్కలో వేయడం తప్పు కాదు, కానీ ‘విన్నవి’ అని విడిగా రాయాలి. జవాబు సరైనదే అయినా లెక్క చేసిన తీరు చూపించకపోతే నేను మార్కులు వేసేవాడిని కాను.

ఆడవారికి, పిల్లలకు మరుగుదొడ్డి సౌకర్యం కోసం అడవి అంచున ఒక ఇంటివారితో ముందే మాట్లాడి ఉంచారు. ఇది చిన్న సంగతి కాదు. ప్రథమ చికిత్స పెట్టె ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవారికి అడవి బాట కష్టం కాదు, గట్టు మెట్లు కష్టం. పదేళ్ళలోపు పిల్లలను తీసుకెళ్ళవద్దని నా సలహా. పావుగంట మౌనం వారికి శిక్ష అవుతుంది. ధర విషయానికి వస్తే, ఇద్దరం సొంత వాహనంలో వెళ్ళి ఉంటే డీజిలుకూ తిండికీ కలిపి వెయ్యి లోపే అయ్యేది, కానీ నలభై ఏళ్ళు ఈ జిల్లాలో ఉన్న నాకు ఆ మద్దిచెట్ల కింద అంతమంది అతిథులు ఉంటారని తెలియనే లేదు. కాబట్టి రూ. 1,800 ఎక్కువ అనను. డబ్బు కట్టే ముందు మాత్రం జలాశయం దగ్గర ఏ వేళకు ఉంటారో, బృందంలో ఎంతమందో, కూతలు వినిపించి పక్షులను రప్పిస్తారా లేదా, బైనాక్యులర్లు ఏ రకమో అడగండి. మొదటి ప్రశ్నకు మధ్యాహ్నం అని జవాబు వస్తే బేరమాడండి.

ఇవన్నీ నేను ఒక పేజీ రాసి పెద్ద గైడుకు పంపాను. మరునాడు ఫోను చేశాడు. పాడైన బైనాక్యులర్‌ను పక్కన పెట్టామని, పిల్ల రుసుములో సగం వెనక్కి పంపుతామని అన్నాడు, పంపాడు కూడా. ఫిబ్రవరి యాత్రలో తెల్లవారగానే జలాశయం గట్టు, మంచు విడి ఎండ కొమ్మల్లోకి దిగిన తరువాత అడవి, పదకొండున్నరకు తిరుగు ప్రయాణం, భోజనం ఉండదు, రుసుము రూ. 1,200. అప్పటికి మాఘం వస్తుంది, నీరు దిగుతుంది. తాతను అడిగారా అంటే, అడిగాం మాస్టారూ, వస్తానన్నాడు కానీ కట్టెల మోపు ఎవరు మోస్తారని అడుగుతున్నాడు అన్నాడు. మా ఇద్దరి పేర్లూ ఇచ్చాను, మేనకోడలి పేరు పక్కన 8x42 అని రాయించి.